పదకొండో పేజీ మొహం

పెళ్ళిళ్ళ కాలం కావడంతో ఆ మే నెలలో రామచంద్రయ్యకు తల ఎత్తే తీరిక లేదు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వదిలి లోపలికి తిరిగితే, పిండి గిర్నీ పక్కన ఉంటుంది ఆయన పనిచేసే ప్రెస్సు. కిటికీ దగ్గర అక్షరాల కేసు ముందు నిలబడి, ఎడమ చేతిలో పంక్తి పట్టేంత ఇనప స్టిక్కు పట్టుకుని, కుడి చేత్తో ఒక్కొక్క సీసపు అక్షరాన్నీ ఏరి పేరుస్తున్నాడు. వరుడి పేరు పక్కన ఎం.కాం. పెట్టాడు. వధువు పేరు పక్కన బి.ఏ. పెట్టాడు. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చదువులన్నీ పేర్చాడు గానీ, తన చదువు మాత్రం ఏడో తరగతి దగ్గరే ఆగింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అక్షరాన్ని కొంచెం గట్టిగా దిగేస్తాడు.

గుమ్మంలో వెలుగు తగ్గింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఒకామె యాభై దాటిన మనిషి, తెల్ల చీర, భుజాన ఆసుపత్రివాళ్ళు ఇచ్చే గుడ్డ సంచి. రెండో ఆమెకు ముప్ఫై ఉండొచ్చు. పొట్టి మనిషి, ఎముకలు కనిపించే మెడ, చీరను భుజం మీద ముడేసి కట్టుకుంది. కాళ్ళకు చెప్పుల్లేవు. ముక్కుకు మూడు పోగులు. ఆమె రామచంద్రయ్యను చూడలేదు. లోపల ఆగి ఉన్న, కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ వైపే చూస్తూ, కొంగులోంచి ఒక పుస్తకం తీసింది. అట్ట చూడగానే రామచంద్రయ్య గుర్తుపట్టాడు. పోయిన ఏడు తను పేర్చిందే.

ఆమె పేజీ వెతుక్కోలేదు. పుస్తకం దానంతటదే ఒక చోట తెరుచుకుంది. అన్ని చేతులు తెరిచిన చోటు అది. అక్కడ ఒక బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇది నాను," అంది.

రామచంద్రయ్య వంగి చూశాడు. పదకొండో పేజీ, ఏడో బొమ్మ. మూడు ముక్కుపోగులు, ఎడమ కనుబొమ మీద గోటిముక్కంత మచ్చ. తలెత్తి ఆమెను చూశాడు. మూడు పోగులు, ఎడమ కనుబొమ మీద అదే మచ్చ. మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. బొమ్మలకు పైన, తను పద్దెనిమిది పాయింట్ల పెద్దక్షరాల్లో పేర్చిన పంక్తి నల్లగా, నిటారుగా ఉంది: 'కాన్పు కోసం మోసుకెళుతుండగా దారిలో చనిపోయిన తల్లులు'.

స్టిక్కు చేతిలోంచి జారిపోయింది. వరుడు, వధువు, సుముహూర్తం అన్నీ షాబాదు బండల మీద చెల్లాచెదురయ్యాయి. ఇరవై ఆరేళ్ళలో అతను స్టిక్కు జారవిడవడం అదే మొదలు.

*

ఆ పుస్తకం కథ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు, రామచంద్రయ్యకు తెలుసు. అశోక్‌నగర్లో మేడ మీద ఒక ఆఫీసు ఉంది. బాలత్రిపురసుందరి గారు దానికి పెద్ద. కొండల్లో వ్యవసాయం చేసే ఆడవాళ్ళ బతుకుల మీద సర్వే చేశారు. నలభై ఎనిమిది పేజీలు, మంచి కాగితం, రంగుల అట్ట. కొండ ఆడది రోజుకు ఎన్ని బిందెలు మోస్తుందో పట్టిక, ఎన్ని మైళ్ళు నడుస్తుందో పట్టిక. పట్టికలు పేర్చడమంటే కంపోజిటర్‌కు నడుం విరిగే పని. దాని గురించి ఏ పట్టికా లేదు.

పదకొండో పేజీలో తొమ్మిది మంది మొహాలు వెయ్యాలి. సర్వేకు వెళ్ళినప్పుడు ఫొటోలు తీసుకున్నారు, తర్వాత ఏడాదిలోపల ఆ తొమ్మిది మందీ పోయారు. ఫొటోలన్నీ అచ్చువేసే జింకు బ్లాకులుగా, చెక్కకు కొట్టి, ఒక కవరులో వచ్చాయి. మర్నాడు పొద్దున్నే నారాయణగూడలో మీటింగు, ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వస్తారు, సాయంత్రంలోగా పుస్తకాలు కావాలి. తీరా అచ్చుకు పేజీ ఫారం కట్టబోతే ఏడో నంబరు బ్లాకు లేదు. అరగంట వెతికాడు. బ్లాకులు చేసినవాణ్ణి తిట్టాడు. వాడు లెక్కగా తొమ్మిదీ ఇచ్చానని ఒట్టేశాడు.

వేరే పేజీ కోసం వచ్చి, వద్దని తీసేసిన బ్లాకొకటి అక్కడే పడి ఉంది. ఎవరో కొండ మనిషిదే, మొహం మటుకే. అవే పోగులు, దాదాపు అదే దవడ. పోయిన బ్లాకు ప్రూఫులో ఒకసారి చూశాడు కనక, పోలిక ఉందనే అనిపించింది. ఓనరు కిషన్ రావుకు చూపిస్తే ఆయన గడియారం వంక చూసి, "ఎవలు గుర్తువడ్తరయ్యా? పేరు సరిగున్నదా లేదా చూడు," అన్నాడు. పేరు సరిగానే ఉంది. పాంగి సుక్రి, ఇరవై నాలుగేళ్ళు. అక్షరం తప్పు పోకుండా పేర్చాడు రామచంద్రయ్య. ప్రెస్సులో పనిచేసేవాడికి అక్షరమే మనిషి. బొమ్మ అంటే పేజీలో ఖాళీ నింపేది, అంతే. ఏ ప్రెస్సులోనైనా బ్లాకు దొరక్కపోతే చేసే పనే అది.

సుందరి గారు ప్రూఫు దిద్దారు. రెండు చోట్ల 'ఆడవాళ్ళు' కొట్టేసి 'మహిళలు' అని రాశారు. మొహాల వంక చూడలేదు.

*

తెల్ల చీర ఆమె పేరు విద్యావతి. విశాఖపట్నం వైపు ఒక క్షయ ఆసుపత్రిలో నర్సు. బర్కత్‌పురలో ఆమె చెల్లెలుంది, ఆ ఇంట్లోనే దిగారు. పొద్దున అశోక్‌నగర్ ఆఫీసుకు వెళితే, బొమ్మలు వేసింది ప్రెస్సువాళ్ళు, వాళ్ళనే అడగమని, ఒక చీటీ రాసిచ్చి ఇటు పంపారట. బెంచీ మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కొండ మనిషి సోంబారి కింద కూర్చుని, రాలిపోయిన అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, రామచంద్రయ్య కాళ్ళ దగ్గర కుప్పగా పెడుతోంది. గింజలేరే చెయ్యి అది, వేళ్ళు చకచకా కదులుతున్నాయి.

పాడేరు దాటాక బస్సు దిగి రెండు కొండలెక్కి దిగితే సోంబారి గూడెం. సోమవారం పుట్టింది కనక సోంబారి. వాళ్ళలో పేరంటే పుట్టిన వారమే. గూడేనికి నలుగురు సోంబారిలుంటారు, నలుగురు సుక్రిలుంటారు. పేరు చెబితే ఎవరో తెలియదు, మొహం చూస్తేనే తెలుస్తుంది. కోడి కూయకముందే గెడ్డకు దిగి నీళ్ళు మొయ్యడం, సామలు దంచడం, బిడ్డను వీపున కట్టుకుని ఏటవాలు చేలో కలుపు తియ్యడం. ఆ చేలో ఏ మనిషీ రెండు కాళ్ళూ సమానంగా పెట్టి నిలబడలేదు. ఒక కాలు ఎప్పుడూ కిందే. పసుపు మోసుకుని సంతకు పోతే దిగడానికి సగం రోజు, ఎక్కడానికి మిగతా రోజు. నాగలి మగవాడు పడతాడు. విత్తనం మాత్రం ఆడదానిది. పొయ్యి మీద దూలానికి విత్తనాలు నింపిన ఎండు సొరబుర్రలు వేలాడుతుంటాయి. ఒకదాంట్లో చోళ్ళు, ఒకదాంట్లో సామలు, ఒకదాంట్లో కందులు. పెళ్ళయి వెళ్ళే కూతురు తల్లి బుర్రలోంచి దోసెడు పట్టుకెళుతుంది. ఆడది చచ్చిపోతే ఆ బుర్రలు దింపి, గింజలు గూడెంలో ఆడవాళ్ళందరికీ పంచేస్తారు. ఇక ఆ చేతి విత్తనం ఆ నేలలో పడకూడదు.

సోంబారి రక్తం కక్కితే డోలీ కట్టి కిందికి దింపారు. ఎనిమిది నెలలు ఆసుపత్రిలో ఉంది. మొగుడు ఒకసారి వచ్చి చూసి వెళ్ళాడు. ఈలోగా సంతలో ఎవరో పుస్తకాలు పంచారట, మీ గురించి రాసిందే, ఉంచుకోండని. గూడెంలో ఒక్కరికీ చదువు రాదు. బొమ్మలు చూశారు. పదకొండో పేజీలో సోంబారిని చూశారు. వీళ్ళంతా ఎవరయ్యా, ఇక్కడెందుకు వేశారని పంచేవాణ్ణి అడిగితే, చచ్చిపోయినవాళ్ళని చెప్పాడు. రక్తం కక్కుతూ పోయిన మనిషే కదా. అనుమానమెందుకు వస్తుంది?

చావు కూడు వండుకుని తిన్నారు. బుర్రలు దింపి గింజలు పంచారు.

జబ్బు తగ్గి, మార్చిలో సోంబారి రెండు కొండలూ ఎక్కి ఇంటికి వెళ్ళింది. కుక్క ఎదురొచ్చి కాళ్ళు నాకింది. మనుషులు మాత్రం దారి వదిలి పక్కకు జరిగారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. మొగుడు గోడకు ఆనుకుని అలా నిలబడిపోయాడు. సాయంత్రం ఆరేళ్ళ కూతురు గూడెం చివర రాయి దగ్గర ఆకు పరిచి, అన్నం పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. చచ్చినవాళ్ళకు అక్కడే పెడతారు. రెండు నెలలుగా అక్కడే తింటోంది సోంబారి, కన్నకూతురు పెట్టి పారిపోయే అన్నం.

దిసారి అని వాళ్ళ గూడెం పెద్ద, ముహూర్తాలు చూసేవాడు. ఆయన చెడ్డవాడేం కాదట. ఈ మనిషి బతికే ఉందని నా కళ్ళకు తెలుస్తోంది గానీ, చావు కబురు వచ్చింది, కూడు తిన్నాం, ఆ కబురు ఏ చెయ్యి తెచ్చిందో ఆ చెయ్యే వెనక్కి తీసుకోవాలి, అలా అయితే బుర్రలు మళ్ళీ నింపిస్తాను, విత్తే లోపల తెమ్మన్నాడు. తొలకరి పడితే విత్తుతారు. ఆ విత్తులో ఆమె చెయ్యి పడకపోతే, ఇక ఎప్పటికీ పడదు. అందుకే పుస్తకం పట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి దిగి, విద్యావతిని వెంటబెట్టుకుని ఇంత దూరం వచ్చింది.

"ఇంకో ఇరవై రోజులుంటే ఎక్కువండీ," అంది విద్యావతి. "పంచినవాణ్ణి అడిగితే నేను మోసేవాణ్ణే అన్నాడు. ఆఫీసువాళ్ళు ప్రెస్సు అన్నారు. మీరు ఇంకెవరి పేరైనా చెబుతారా?"

సుందరి గారు రాసిచ్చిన చీటీ రామచంద్రయ్య తీసి చదువుకున్నాడు. అది చదవడం తేలిక, అందులో మనిషి లేడు. 'పదకొండవ పేజీలోని ఏడవ ఛాయాచిత్రం పొరపాటున ప్రచురితమైనది. చింతిస్తున్నాము.' రెండు వందలు కొట్టి, మిగిలిన పుస్తకాల్లో పెట్టమని కింద రాశారు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు చేతులు తెలిసిన పనే చేస్తాయి. పావుగంటలో పేర్చి, కొట్టి, తడి ఆరని చీటీ ఒకటి సోంబారి చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందల నా మొగమేదీ?" అంది.

రామచంద్రయ్య బతుకంతా అక్షరాలే. అవి ఈ మనిషి చేతిలో చీమలబారుకన్నా ఎక్కువ కాదు. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆఫీసోల్లు గాదు, ఇంకెవలు గాదు," అన్నాడు. "ఆ బొమ్మ వెట్టింది నేనే. ఈ చేత్తోనే వెట్టిన."

గల్లా దగ్గర కూర్చున్న కిషన్ రావు తలెత్తి ఉరిమి చూశాడు. సోంబారి మాత్రం తిట్టలేదు. లేచి దగ్గరికొచ్చి, ఆయన కుడి చెయ్యి పట్టుకుంది. ముందుకూ వెనక్కూ తిప్పింది. గోళ్ళ సందుల్లో ఇరవై ఆరేళ్ళ సిరా.

"ఈ సెయ్యేనా?" అంది, ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న వస్తువు దొరికినట్టు.

*

మర్నాడు పొద్దున్నే రామచంద్రయ్య అశోక్‌నగర్ ఆఫీసు మెట్లెక్కాడు. ఇరవై ఆరేళ్ళలో పని ఇచ్చే పార్టీ గుమ్మం తొక్కి మాట అడగడం అదే మొదలు. బొమ్మతో కొత్త కాగితం వేద్దామని, అదే సంతలో అదే మనిషితో పంచిద్దామని బతిమాలాడు. సుందరి గారు మర్యాదస్తురాలు, కుర్చీ చూపించి కాఫీ తెప్పించారు. ఆ పుస్తకం చాలాచోట్లకు వెళ్ళిందని, పేపర్లలో రాశారని, ఇప్పుడొక బొమ్మ తప్పని బయట పడితే మిగతా ఎనిమిదీ అబద్ధమేనంటారని చెప్పారు. చీటీ చాలన్నారు.

"ఆ అమ్మ సావలేదు మేడమ్. బతికున్న మనిషికి ఊరవతల అన్నం వెడ్తున్రు."

"అది మూఢనమ్మకం రామచంద్రయ్య గారూ. అలాంటివి పోవాలనే కదా మనం ఇంత పని చేస్తున్నది," అన్నారావిడ. "అయినా ఒక్క మాట చెప్పండి, ఎవరి మొహమైతే ఏమిటి? సమస్య నిజమే కదా?"

కాఫీ గ్లాసు ఆయన చేతిలోనే ఉండిపోయింది. కిషన్ రావు అన్న మాటే అది. కిషన్ రావు తొందరలో అన్నాడు, ఈవిడ ఆలోచించి అంది. అదే తేడా. ఆ మాట ముందుగా ఆడింది తన చేతులేనని తట్టేసరికి, గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

తిరిగొచ్చేసరికి సోంబారే దారి చెప్పింది. తను బతికున్నట్టు బొమ్మ తీయించమంది. బొమ్మలో బతికున్నట్టు ఎలా తెలుస్తుందమ్మా, గోడకు దండేసిన ఫొటోలో మనుషులు కూడా నవ్వుతూనే ఉంటారు కదా అంది విద్యావతి. సోంబారి ఆలోచించలేదు. ఈ పుస్తకం విప్పి, నా బొమ్మ చూపిస్తా కూర్చుంటానంది. చచ్చిన మనిషి తన చావు తనే పట్టుకుని ఎలా కూర్చుంటుంది?

నారాయణగూడలో స్టూడియోకు తీసుకెళ్ళారు. ఫొటో తీసేవాడు దువ్వెన, పౌడరు ఇచ్చి, పాస్‌పోర్టుకా అని అడిగాడు. నవ్వమన్నాడు. ఆమె నవ్వలేదు. రొమ్ముకు ఆనించి పదకొండో పేజీ తెరిచి, కెమెరా కంటిలోకి సూటిగా చూసింది. దీపం వెలిగి ఆరింది. ఆమె రెప్ప వెయ్యలేదు.

రెండు రోజుల్లో బ్లాకు వచ్చింది. ఎన్నడూ ఏదీ అడగనివాడు రామచంద్రయ్య, కిషన్ రావును ఒక పూట మిషన్ అడిగాడు. ఆయన గొణిగాడు. పెళ్ళి కార్డులవాడు తలుపు దగ్గరే పడుకున్నాడన్నాడు. తర్వాత తనే కాగితం కట్ట ఒకటి తీసి బల్ల మీద పడేశాడు. కాగితం అడుగున రామచంద్రయ్య అరచెయ్యి అచ్చు కూడా ఉండాలని సోంబారి పట్టుబట్టింది. తెచ్చిన చెయ్యి రావాలన్నారు, నా బొమ్మ నా బదులు పోయినప్పుడు చేతి బొమ్మ చెయ్యి బదులు పోదా అని ఆమె లెక్క.

"చెయ్యి గుర్తేస్తే ఎలక్షన్ పర్చా అనుకుంటరయ్యా," అన్నాడు కిషన్ రావు. "కొండంత ఓట్లు వడ్తయి నీకు."

ఆ నాలుగు రోజుల్లో అందరూ నవ్వింది అప్పుడే. సోంబారి కూడా, ఎందుకో తెలియకపోయినా, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

*

ఫారం బిగించి మిషన్ తొక్కాడు రామచంద్రయ్య. మొదటి కాగితం వచ్చింది. కుడివైపు నల్లగా పడింది, ఎడమవైపు తేలిపోయింది. కనుబొమ మీది మచ్చ అసలు పడలేదు. మచ్చ లేకపోతే గూడెంలో ఎవరనుకుంటారు? కింద కాగితం ముక్కలు పెట్టి సర్దాడు. అయినా పడలేదు. మిషన్ ఒక పక్కకు ఊగుతోంది. వెనక కాలు కింద ఎప్పుడో పెట్టిన చెక్క నలిగి ఉంటుంది. అది మార్చాలి.

కిషన్ రావు గడ్డపార వేసి కాలు ఎత్తాడు. రామచంద్రయ్య బోర్లా పడుకుని, చెయ్యి దూర్చి, దుమ్ములోంచి ఆ చెక్క లాగాడు. వట్టి చెక్క కాదు. బ్లాకు. లోహపు వైపు బండ మీద బోర్లించి పెట్టి ఉంది.

ఏ పాత పెళ్ళి కార్డు వినాయకుడో అనుకున్నాడు. ఊగుతుంటే ఏదో చేతికందింది దోపిన జ్ఞాపకం లీలగా ఉంది. ఏ బ్లాకు దొరికినా ఒక ప్రూఫు లాగి చూడటం ప్రెస్సువాడి అలవాటు. కిరోసిన్ గుడ్డతో తుడిచాడు, సిరా రోలరు తిప్పాడు, కాగితం పెట్టి అరచేత్తో అద్ది, తీసి వెలుగులోకి పట్టాడు.

ఒక చెంప బండకు రాసుకుని అరిగిపోయింది. గీతలు పడ్డాయి. మిగతా సగంలో ఒక ఆడపిల్ల మొహం ఉంది. మూడు పోగులు. ఆ దవడ. చెక్క వెనక్కి తిప్పేసరికి పెన్సిలుతో రాసిన అంకె చెరగకుండా ఉంది. ఏడు.

అరగంట వెతికాడు ఆ రోజు. కేసులన్నీ తిరగేశాడు. బ్లాకులు చేసినవాణ్ణి దొంగ అన్నాడు. ఇదే మిషన్, ఇదే చోట. పైన ఒకామె మొహం వెయ్యిసార్లు అచ్చవుతుంటే, కింద ఈ పిల్ల మొహం మిషన్ కాలి కింద ఉంది. రామచంద్రయ్య చెవుల్లో చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. పక్క గిర్నీ తిరుగుతున్నట్టు నేల అదురుతోంది గానీ వినిపించడం లేదు. ఆ కాగితం చించేయాలో, దాచాలో, ఏదో ఒకటి చెయ్యాలని అనిపించింది. అప్పటికే అది చేతిలో లేదు. సోంబారి తీసుకుంది.

ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకోలేదు. మొదటిసారే సరిగ్గా పట్టుకుంది.

"సుక్రి," అంది.

విద్యావతి దగ్గరికొచ్చింది. ఏ సుక్రి అని అడిగింది.

"నా సెల్లి. మాయమ్మ కడగొట్టు పిల్ల." సోంబారి వేలు ఆ అరిగిన చెంప మీద ఆగింది. "అవతలి కొండకి ఇచ్చినాం. మొగుడితో కూలికి ఒడిశా పోనాదని సెప్పినారు అత్తోరు. కడుపుతో ఉండి పోనాదా అని మాయమ్మ ఏడిసింది. ఇది మీకాడికి ఎలాగొచ్చింది?"

ఆమె ముగ్గురి మొహాలూ చూసింది. అక్షరం రాదు గానీ మొహం చదవడం ఆమెకొచ్చు. నెమ్మదిగా వంగి, పుస్తకం తెరిచి, అరిగిపోయిన ఆ బొమ్మను పదకొండో పేజీలో తన బొమ్మ మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. అంచులతో సహా.

"ఇక్కడిదా?" అంది.

"అవునక్కా," అన్నాడు రామచంద్రయ్య.

పుస్తకం సంతలోంచి గూడేనికొచ్చిన రోజు సంగతి సోంబారి అప్పుడు చెప్పింది. అది ఆమె చూసింది కాదు, తర్వాత దిసారి నోట విన్నది. ఆమె తల్లి ముసలిది, అదే గూడెంలో ఉంటుంది, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తొమ్మిది మొహాలూ ఒకటికి నాలుగుసార్లు చూసిందట. పెద్దకూతురు పోయిందని గుండెలు బాదుకుందట. ఆ తర్వాత, చిన్నది ఇందులో లేదు, కొండ దేవత ఒకదాన్నైనా ఉంచిందని దణ్ణం పెట్టిందట. చిన్నది కూలి నుంచి తిరిగొస్తే కొత్తగా కాపురం పెట్టుకోవాలని, ఒక బుర్ర నిండా చోళ్ళు పోసి, మూతికి మట్టి మెత్తి, దూలానికి కట్టిందట. ఆ బుర్రను ఎవరినీ ముట్టనివ్వదట.

విద్యావతి బెంచీ మీద కూర్చుండిపోయింది. కిషన్ రావు గడ్డపారను శబ్దం కాకుండా కింద పెట్టాడు.

సోంబారి ఏడవలేదు. ఆ కాగితాన్ని మడవకుండా అలాగే పట్టుకుని, రామచంద్రయ్యను చూసింది.

"ఈ కబురు మాయమ్మకి ఎవులు సెప్తారు?" అంది.

విద్యావతి నీళ్ళు నమిలి, నువ్వే చెప్పాలేమోనమ్మా అంది.

"నానెలాగ సెప్తాను? నాను సచ్చినదాన్ని. సచ్చినోల మాట ఎవులింటారు?"

రామచంద్రయ్య తన అరచేతిని చూసుకున్నాడు. ప్రూఫు అద్దినప్పుడు అంటిన సిరా తడిగానే ఉంది. అరవై కాగితాల మీద ఆ చెయ్యి అద్ది పంపిస్తే తన పని అయిపోతుందనుకున్నాడు. బతికినదాన్ని చంపింది ఈ చెయ్యే, చచ్చినదాన్ని తల్లి కళ్ళలో బతికించి ఉంచిందీ ఈ చెయ్యే. ఒక తల్లి దగ్గర, ఒకే రోజు, రెండు కబుర్లు. నీ పెద్దకూతురు బతికే ఉంది. నీ చిన్నకూతురు లేదు. చేతి బొమ్మకు నోరెక్కడిది?

ఆయన లేచాడు. మిషన్ కాలు కింద ఇప్పుడు ఖాళీ. అటూ ఇటూ చూస్తే, 'చింతిస్తున్నాము' చీటీల కట్ట కనిపించింది, నూట తొంభై తొమ్మిది. కిషన్ రావు మళ్ళీ గడ్డపార వేసి ఎత్తితే, దాన్ని కట్టగానే కాలు కింద తోశాడు. కిషన్ రావు కాలు దించాడు. మిషన్ ఊగలేదు. తొక్కితే సోంబారి మొహం నిండుగా పడింది, మచ్చతో సహా. అరవై కాగితాలు కొట్టాడు. అన్నిటి మీదా అరచెయ్యి అద్దాడు.

తర్వాత, అరిగిన బ్లాకును గుడ్డలో చుట్టుకుని, కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"యాడికి?" అన్నాడు కిషన్ రావు. "ఏందయ్యా, పెండ్లి కార్డులు ఎవలు కొడ్తరు?"

"నాలుగు రోజులల్ల వస్త పటేలా. ఇంట్ల నా పెండ్లానికి జర చెప్పి పంపు, పరేషాన్ అయితది."

"గా కొండలల్లకు నువ్వెందుకయ్యా? కాగితాలు ఆల్లే తీస్కపోతరు గద."

"కాగితాలు తీస్కపోతరు," అన్నాడు రామచంద్రయ్య. "కబురు నేను జెప్పాలె."

కిరోసిన్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోబోయాడు. సోంబారి ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. దిసారి చూడాలి కదా. ఆయన గుడ్డ కింద పెట్టేశాడు. ముగ్గురూ గల్లీలోకి దిగారు. ఎండ ఇంకా మండుతోంది. రోడ్డు దాటేటప్పుడు ఆటోవాడెవడో పక్కనే హారను కొట్టాడు. రామచంద్రయ్య ఉలిక్కిపడలేదు. నల్లటి చెయ్యి దేనికీ తగలకుండా, కొంచెం ఎత్తి పట్టుకుని, సోంబారి వెనకే నడిచాడు.